పుట్టిన బుద్ధా? నేర్చిన బుద్ధా?



ఈ నెల పాఠం మందుల గురించి కాదు, మనిషి బుద్ధి గురించి. ఇంట్లో, బడిలో, వార్డులో మనం రోజూ ఒక మాట అంటుంటాము: "వీడింతే, వీడి బుద్ధే అంత." పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని పెద్దల సామెత కూడా ఉన్నది. ఆ మాట ఎంతవరకు నిజం? మానసిక శాస్త్రంలో "అభ్యసన సిద్ధాంతాలు" అనే పాఠం దీనికి జవాబు చెబుతుంది. అభ్యసనం అంటే నేర్చుకోవడం. మా నర్సింగ్ విద్యార్థినులకు చెప్పే ఈ పాఠాన్ని అందరికీ అర్థమయ్యేలా ఇక్కడ వ్రాస్తున్నాము. ముందుగా మా వార్డులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అందులో తప్పు మాదే.

ఒక "మొండి" పిల్లవాడు

కొన్ని సంవత్సరాల క్రిందట రాయికోడ్ వైపు పల్లె నుండి ఆరేళ్ళ బాబును తీసుకువచ్చారు. వీధి కుక్క పిక్క మీద కరిచింది, రక్తం కారింది. ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగాము. రేబిస్ టీకా మొదటి డోసు వేశాము. రక్తం వచ్చిన కాటు కాబట్టి గాయంలోనూ, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయవలసి వచ్చింది. అది చాలా నొప్పి పెట్టే సూది. బాబు తన్నాడు, కొరికాడు. నలుగురం కలిసి బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళు చేతులు అదిమిపట్టి పని ముగించాము.

మూడవ రోజు డోసుకు వచ్చినప్పుడు గేటు దగ్గర నుండే ఏడుపు మొదలైంది. తెల్ల చీర కనబడగానే తల్లి కొంగులో దూరాడు. మళ్ళీ పట్టుకునే వేశాము. "పుట్టినప్పటి సంది గింతేనమ్మా, వీళ్ళ తాత లెక్కనే మొండోడు" అన్నది తల్లి. మేమూ కాదనలేదు. రిపోర్టు పుస్తకంలో "మొండి పిల్లవాడు, సహకరించడు" అని వ్రాసుకున్నాము.

ఏడవ రోజు బాబు రాలేదు.

రేబిస్ లక్షణాలు ఒకసారి కనబడితే మనిషి బ్రతకడం దాదాపు లేనట్టే. టీకాలు సకాలంలో పూర్తి చేయడమే రక్షణ. రెండు రోజులు చూసి మా హెల్త్ వర్కర్‌ను ఊరికి పంపాము. "బస్సు కాడి దాక వచ్చినం సిస్టరమ్మా. దవాఖాన పేరు ఇనంగనే రోడ్డు మీద పడి పొర్లిండు. ఎట్ల తోలుకరావాలె?" అన్నదట తల్లి.

మేము "మొండి" అని వ్రాసిన గుణం ఆ పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చింది. అది నిజంగా అతని పుట్టుబుద్ధేనా? ఒక్కొక్క సిద్ధాంతాన్ని చూస్తూ ఈ ప్రశ్నకు జవాబు వెదుకుదాము.

మూర్తిమత్వం అంటే ఏమిటి?

ఒక మనిషి మామూలుగా ఆలోచించే తీరు, స్పందించే తీరు, నడుచుకునే తీరు అన్నీ కలిపి మూర్తిమత్వం అంటారు. కోపిష్టి, పిరికివాడు, నెమ్మదస్తుడు అని మనం పెట్టే పేర్లన్నీ దాని గురించే. అభ్యసన సిద్ధాంతం చెప్పినవారు ఈ పేర్లను ప్రక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేశారు. ఈ మనిషి ఏమి చేస్తున్నాడు? ఎప్పుడు చేస్తున్నాడు? చేసిన తరువాత అతనికి ఏమి దొరుకుతున్నది? వీటికి జవాబు దొరికితే ఆ గుణం ఎలా ఏర్పడిందో తెలుస్తుంది. ఎలా ఏర్పడిందో తెలిస్తే మార్చే దారి కూడా కనబడుతుంది.

1. జత కలిసి నేర్చుకోవడం

రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. కుక్కలకు ఆహారం పెట్టేటప్పుడు ఆయన ఒక విషయం గమనించాడు. ఆహారం నోట పడకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే వాటికి లాలాజలం ఊరుతున్నది. ఆహారంతో జతగా వచ్చిన ఏ గుర్తయినా కొన్నాళ్ళకు ఆహారం చేసే పనే చేస్తుంది. దీనినే శాస్త్రీయ నిబంధనం అంటారు. చింతకాయ పేరు చెబితేనే మనకు నోరూరడం ఇలాంటిదే.

భయం కూడా ఇలాగే నేర్చుకుంటామని అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ 1920లో చూపించారు. ఏడాది కూడా నిండని ఒక పసివాడికి మొదట తెల్ల ఎలుక అంటే భయం లేదు. అతడు ఎలుకను ముట్టినప్పుడల్లా వెనుక ఇనుప కడ్డీ మీద సుత్తితో గట్టిగా కొట్టారు. కొన్నిసార్లకే ఎలుకను చూస్తే ఏడవసాగాడు. తరువాత కుందేలును చూసినా, బొచ్చు కోటును చూసినా ఏడ్చాడు. భయం ఒకదాని నుండి దానిలాంటి వాటికి ప్రాకుతుంది. ఆ భయాన్ని పోగొట్టకుండానే బిడ్డ వెళ్ళిపోయాడు. ఈ రోజుల్లో ఇలాంటి ప్రయోగాన్ని ఏ సంస్థా అనుమతించదు.

ఇప్పుడు మన బాబును చూడండి. "అల్లరి చేస్తే నర్సమ్మతోని సూదేయిస్త" అని ఇంట్లో ఎప్పుడూ బెదిరించేవారు. తరువాత తెల్ల చీరలో ఉన్న మేము నలుగురం అతన్ని అదిమిపట్టాము, నొప్పి కలిగింది. తెల్ల చీర, స్పిరిట్ వాసన, గేటు, చివరకు ఆస్పత్రి పేరు అన్నీ ఆ నొప్పితో జత కలిశాయి. సుత్తి పట్టుకున్నది మేమే. అతడు దానిని బాగా నేర్చుకున్నాడు.

నేర్చిన భయాన్ని తీసివేయవచ్చునా? 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె దీనిని చేసి చూపింది. కుందేలంటే భయపడే మూడేళ్ళ లోపు పిల్లవాడు ఇష్టమైన తినుబండారం తింటుండగా కుందేలును దూరంగా ఉంచింది. అతడు తట్టుకున్నకొద్దీ కొంచెం కొంచెంగా దగ్గరకు తెచ్చింది. భయపడని పిల్లలను కూడా ప్రక్కన ఆడించింది. చివరకు అతడే కుందేలును నిమిరాడు. ఇక్కడ రహస్యం ఒక్కటే: బలవంతం లేదు, తొందర లేదు.

2. ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం

రెండవ దారిని అమెరికా శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ వివరించాడు. ఒక పని చేసినప్పుడు మంచి ఫలితం దొరికితే ఆ పని మళ్ళీ చేస్తాము, దొరకకపోతే మెల్లగా మానేస్తాము. దీనిని కార్యసాధక నిబంధనం అంటారు. పనిని బలపరిచే ఫలితానికి పునర్బలనం అని పేరు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. బహుమానం ఒక్కటే పునర్బలనం కాదు. బాధ తప్పిపోవడం కూడా పునర్బలనమే. బాబు రోడ్డు మీద పొర్లాడు, తల్లి ఇంటికి తీసుకుపోయింది, సూది తప్పింది. పొర్లడం పని చేస్తుందని అతడు నేర్చుకున్నాడు. తల్లి సంగతి కూడా అంతే. వెనక్కి తిరగగానే ఏడుపు ఆగింది, నలుగురిలో అవమానం తప్పింది. వెనక్కి పోవడం ఆమె కూడా నేర్చుకున్నది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. ఇద్దరికీ ఆ క్షణంలో ఉపశమనం దొరికింది.

ఇంకొక సంగతి. ఏడ్చినప్పుడల్లా బిస్కెట్టు ఇవ్వడం కంటే, తొమ్మిదిసార్లు కసిరి పదవసారి ఇవ్వడం వల్ల ఏడుపు ఎక్కువ గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకసారి దొరుకుతుందనే ఆశ అంత తొందరగా చావదు. మనం "మొండితనం" అనేది చాలాసార్లు ఇదే.

ఈ సూత్రాన్ని మంచికి వాడుతున్న చోటు మన దగ్గరలోనే ఉన్నది. సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో జాతీయ సంస్థను స్థాపించారు. అప్పట్లో ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. అక్కడ రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అనే ఇద్దరు మన దేశపు పిల్లలకు తగిన ప్రవర్తన కొలమానాన్ని 1992లో తయారుచేశారు. ఈ పద్ధతిలో "వీడికి రాదు" అని వదిలేయరు. చొక్కా తొడుక్కోవడం నేర్పాలంటే ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీస్తారు. చేయి దూర్చడం ఒక మెట్టు, లాగుకోవడం ఒక మెట్టు, గుండీ పెట్టడం ఒక మెట్టు. ఒక్కొక్క మెట్టుకు వెంటనే మెచ్చుకోలు. ఇక చేయలేడనుకున్న బిడ్డ తన పని తాను చేసుకోవడం ఇలా నేర్చుకుంటాడు.

3. గేటు దాకా వచ్చి వెనక్కి పోవడం

జాన్ డొలార్డ్, నీల్ మిల్లర్ అనే ఇద్దరు 1950లో వ్రాసిన పుస్తకంలో మూర్తిమత్వాన్ని అలవాట్ల కూర్పుగా వివరించారు. అలవాటుకు నాలుగు భాగాలు చెప్పారు. లోపలి నుండి తోసే అవసరం ఒకటి, బయట కనబడే గుర్తు రెండవది, చేసే పని మూడవది, దొరికే ఫలితం నాలుగవది.

ఆస్పత్రివారికి బాగా ఉపయోగపడే మరొక మాట మిల్లర్ చెప్పాడు. ఒకే వస్తువు మీద మనకు ఆశ, భయం రెండూ ఉన్నప్పుడు, దగ్గరకు పోయినకొద్దీ రెండూ పెరుగుతాయి. కాని భయం మరింత వేగంగా పెరుగుతుంది. దూరంగా ఉన్నప్పుడు "రేపు తప్పక పోదాం" అనుకున్న మనిషి గేటు చూడగానే ఆగిపోతాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చి తిరిగిపోయేవారిని, రొమ్ములో గడ్డ ఉన్నదని తెలిసీ ఓ.పి. చీటీ వ్రాయించుకోకుండా బెంచీ మీద నుండి లేచిపోయిన తల్లులను మేము చూశాము. వారిని "నిర్లక్ష్యం" అని తిట్టితే భయం ఇంకా పెరుగుతుంది. ముందుగా భయాన్ని తగ్గించాలి. ఎవరైనా ఎదురువెళ్ళి పేరు పెట్టి పిలిచి ప్రక్కన కూర్చుంటే చాలాసార్లు ఆ నాలుగు అడుగులు పడతాయి.

4. చూసి నేర్చుకోవడం

అన్నీ మన ఒంటి మీదికి వచ్చే నేర్చుకోనక్కరలేదు, ఇతరులను చూసి కూడా నేర్చుకుంటామని చెప్పినవాడు ఆల్బర్ట్ బందూరా. 1961లో ఆయన చేసిన ప్రయోగంలో, ఒక పెద్దమనిషి గాలి బొమ్మను కొట్టడం చూసిన చిన్న పిల్లలు తరువాత తామూ అలాగే కొట్టారు, అవే మాటలు అన్నారు. తండ్రి చెయ్యి ఎత్తితే కొడుకు చెయ్యి ఎత్తడం ఎక్కడ నుండి వస్తుందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

మంచి కూడా అలాగే అంటుకుంటుంది. కుక్కలంటే భయపడే పిల్లలకు, భయం లేని పిల్లవాడు కుక్కతో ఆడటం కొన్నిసార్లు చూపించగా వారి భయం తగ్గిందని బందూరా బృందం 1967లో తెలిపింది. 1977లో ఆయన మరొక మాట చేర్చాడు. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం లేనివాడు మొదలే పెట్టడు. ఆ నమ్మకం తన వంటి మనిషి చేయడం చూసినప్పుడు పెరుగుతుంది, తాను చిన్నది ఒకటి సాధించినప్పుడు ఇంకా పెరుగుతుంది.

దీనికి మన జహీరాబాద్ ప్రాంతమే సాక్ష్యం. రాయికోడ్ పొరుగున ఉన్న ఝరాసంగం మండలంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు చెందిన దళిత స్త్రీలు దానిని నడిపించారు. "మనకేం తెలుసు, కూలి చేసుకునేవాళ్ళం" అనే మాట మన ఊళ్ళలో ఎన్నిసార్లు వినలేదు? తమ వంటి స్త్రీ గొంతే, తమ యాసలోనే, చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి రేడియోలో మాట్లాడితే ఆ మాట ఇక నిలుస్తుందా? పిరికితనం స్త్రీ పుట్టుబుద్ధి అనుకున్నవారికి అది మంచి జవాబు.

5. ఒకే మనిషి, వేరు వేరు చోట్ల

వాల్టర్ మిషెల్ 1968లో ఒక గట్టి ప్రశ్న వేశాడు. ఒకచోట పిరికివాడుగా కనబడినవాడు అన్నిచోట్లా పిరికివాడేనా? కాదని ఆయన చూపించాడు. మనిషి నడవడి చాలావరకు ఉన్న చోటును బట్టి మారుతుంది.

మా హెల్త్ వర్కర్ ఊరికి వెళ్ళినప్పుడు బాబు మేకలు కాస్తున్నాడు. చింతచెట్టు ఎక్కి కొమ్మలు దులుపుతున్నాడు. "పామును చూసినా భయపడడు" అన్నారు ఊరివారు. అదే బాబును మేము పిరికివాడని, మొండివాడని వ్రాశాము. మేము చూసింది అతన్ని కాదు, మా బల్ల మీద ఉన్న అతన్ని మాత్రమే.

తరువాత ఏమి చేశాము?

టీకా ఆలస్యమైతే మొదటి నుండి మొదలుపెట్టనక్కరలేదు, ఆగిన చోటు నుండి కొనసాగించాలి. అయితే ఇక ఒక్క రోజు కూడా జాగు చేయరాదు. నెమ్మదిగా భయం పోగొట్టడానికి వారాలు లేవు, ఒక్క సాయంత్రం ఉన్నది.

ఓ.పి. రద్దీ తగ్గాక రమ్మన్నాము. మా విద్యార్థిని ఒకామె మామూలు చీర కట్టుకుని బయట వేపచెట్టు క్రింద కూర్చున్నది. మొదట మేకల సంగతి మాట్లాడింది. పల్లీ పట్టి చేతిలో పెట్టింది. తరువాత సూది లేని సిరంజి ఇచ్చింది. బాబు నీళ్ళు నింపి చెట్టు మీదికి చిమ్మాడు, బొమ్మకు "సూది" వేశాడు. ఆ సమయానికి చివరి డోసుకు వచ్చిన ఒక పెద్దపాప తల్లి ప్రక్కన కూర్చుని వేయించుకోవడం దూరం నుండి చూశాడు. మేము అబద్ధం చెప్పలేదు. "కొంచెం నొప్పి అయితది బిడ్డా. పది లెక్కబెట్టే లోపల అయిపోతది" అన్నాము. పడుకోబెట్టలేదు, తల్లి ఒడిలో కూర్చోబెట్టాము. ఎవరూ కాళ్ళు పట్టలేదు.

బాబు ఏడ్చాడు. కాని తన్నలేదు. "చెయ్యి కదపకుండ ఉంచినవు, శభాష్" అన్నాము. తరువాతి డోసుకు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అయినా చొక్కా చేయి తానే పైకి మడిచాడు. అయిదు డోసులు పూర్తయ్యాయి. రిపోర్టు పుస్తకంలో "మొండి" అన్న మాటను కొట్టివేసి "భయపడుతున్నాడు" అని వ్రాశాము. మొండివాడికి ఏమి చేయాలో మాకు తెలియలేదు. భయపడేవాడికి ఏమి చేయాలో తెలుసు.

ఈ సిద్ధాంతాల హద్దులు

నేర్చుకోవడమే సర్వమని కూడా అనుకోరాదు. ఏ బిడ్డనైనా ఎలాగైనా తయారు చేయవచ్చునని వాట్సన్ చెప్పిన మాట అతిశయోక్తి. న్యూయార్క్‌లో 1956లో థామస్, చెస్ దంపతులు పసిపిల్లలను ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టారు. కొందరు పిల్లలు మొదటి నుండే నెమ్మదస్తులని, కొందరు చిరాకు స్వభావులని, కొందరు కొత్తకు మెల్లగా అలవాటు పడతారని తెలుసుకున్నారు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు కూడా వంశపారంపర్యానికి పాత్ర ఉన్నదని చెబుతున్నాయి. కాబట్టి తల్లి అన్న "తాత లెక్కనే" అనే మాటలో కొంత నిజం ఉండవచ్చు. విత్తనం కొంత, నేల కొంత. విత్తనాన్ని మనం మార్చలేము, నేలను బాగుచేయగలము.

మరొక హెచ్చరిక. జూలియన్ రాటర్ 1966లో, తన బాగోగులు తన చేతిలో ఉన్నాయని నమ్మేవారు కొందరు, అంతా రాత అనుకునేవారు కొందరు అని వివరించాడు. ఇది మంచి మాటే. కాని చెరకు కొట్టే రోజుల్లో కూలి పోతుందని షుగరు పరీక్షకు రాని మనిషి గుణం మీద తీర్పు చెప్పకూడదు. అక్కడ మారవలసింది అతని బుద్ధి కాదు, మన పరీక్ష వేళలు.

ఇంకా, పిల్లవాడి నడవడి ఉన్నట్టుండి మారినా, మాటలు రావడం ఆలస్యమైనా, నిద్ర, తిండి చెడినా అలవాటు అనుకుని ఊరుకోవద్దు. డాక్టరుకు చూపించండి.

ఇంటిలో, వార్డులో గుర్తుంచుకోవలసినవి

1. "సూదేయిస్త" అని పిల్లలను ఎప్పుడూ బెదిరించవద్దు. రేపు అదే సూది వారి ప్రాణం కాపాడవలసి రావచ్చు.
2. "నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పవద్దు. ఒకసారి మోసపోయిన బిడ్డ రెండవసారి నమ్మదు.
3. పిల్లలను ఒడిలో కూర్చోబెట్టి సూది వేయించండి. పసిబిడ్డకు ఆ సమయంలో పాలు పట్టవచ్చు.
4. మంచి పని చేసిన వెంటనే, ఏమి చేశాడో చెప్పి మెచ్చుకోండి.
5. మీరు వద్దన్న పని మీరే పిల్లల ముందు చేయవద్దు. వారు మన మాట కంటే మన చేతను చూస్తారు.
6. మనిషికి పేరు పెట్టకముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏమి చేస్తున్నాడు? ఎప్పుడు? ఏమి దొరుకుతున్నది?
7. కుక్క కరిస్తే పసరు, కారం పెట్టవద్దు. సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి రండి. ప్రభుత్వ ఆస్పత్రులలో చర్మంలోకి వేసే టీకాకు రోజులు వేరుగా ఉంటాయి. మీ చీటీ మీద వ్రాసిన తేదీలు ఒక్కటి కూడా తప్పవద్దు.

ఆలోచించుకొనుటకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో "వీడింతే" అని పేరు పడినవారు ఎవరు? ఆ పేరు ఎప్పుడు, ఎవరు పెట్టారు?
2. అదే మనిషి వేరే చోట వేరుగా నడుచుకోవడం మీరు చూశారా?
3. ఆ గుణాన్ని తెలియకుండా బలపరుస్తున్నది మీరేనా?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. మాకూ కష్టమే అయింది. అయినా ఆ జవాబు దగ్గరే మార్పు మొదలవుతుంది.